ప్రేలుడు జరిగిన తరువాత

విశాఖపట్టణమునకు ఉత్తరముగా, విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమ పద్మనాభమను గ్రామము కలదు. కొండమీద అనంతపద్మనాభస్వామి, కొండ పాదమున కుంతీమాధవస్వామి వెలసిన చోటు. చరిత్ర చదివినవారికి ఈ యూరి పేరు వినగానే 1794 జులై 10వ తేదీ జ్ఞప్తికి వచ్చును. బకాయిపడిన పేష్కషు విషయమున తగవు ముదిరి, రాజ్యము విడిచి మచిలీపట్టణమునకు వెడలిపొమ్మని ఈస్టిండియా కంపెనీవారు శాసింపగా, విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ఆ యాజ్ఞను త్రోసిపుచ్చి ఇచ్చట విడిసెను. కర్నలు ప్రెండర్‌గాస్టు సేనతో వచ్చి తెల్లవారుజామున తాకెను. పోరు గంటసేపైనను సాగలేదు. రాజును, ఆయనను నమ్మి వెంట నిలిచిన దొరలు పెక్కుమందియు అచ్చటనే నేలకొరిగిరి. అది అన్యాయమో న్యాయమో చరిత్రకారులు తర్కించుకొనవచ్చును. కాని ఎవరు ఎవరిని ఎందులకు చంపిరో ఆ పరిసరములలో ఎవరికిని సందేహము కలుగలేదు. రెండు వైపుల జెండాలును కంటికి కనబడుచుండెను.

అటుపిమ్మట ఈ తీరము బాంబును కూడ చూచినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణపు రేవుమీద బాంబులు విడిచినవి. ఆ భయముతో జనులు పిల్లాపాపలను వెంటబెట్టుకొని, మూటాముల్లె నెత్తికెత్తుకొని లోపలి పల్లెలకు తరలిపోయిరి. మా తరమువారు ఆ కథను తాతలనోట విని పెరిగినవారు. ఆ కథలో భయము కలదు, ఆకలి కలదు, దొంగల బెడద కలదు. కాని పొరుగింటివానిమీద అనుమానము లేదు. బాంబు ఆకాశమునుండి పడెను. విమానపు రెక్కలమీద ఎఱ్ఱని సూర్యబింబము శత్రువు పేరు చెప్పుచుండెను.

మేము ఈ ప్రసంగమున చెప్పబూనినది ఈ రెండింటిని పోలని మరణమును గూర్చి. అది సంచిలో వచ్చును, సైకిలు వెనుక డబ్బాలో వచ్చును. తెచ్చినవాడు దానిని జనసమ్మర్దములో నుంచి ఇంటికి పోవును. దానిమీద జెండా లేదు. అది ప్రేలినప్పుడు దగ్గర నున్నవారు చత్తురు. దూరముగా నున్నవారు ఆ క్షణమునుండియే 'ఎవరి పని?' అని యోచింప మొదలిడుదురు. బాంబు నమర్చినవాడు కోరునది ముఖ్యముగా ఈ రెండవ ఫలితమే. చనిపోయినవారు ఎవరైనను వానికి ఒకటే. బ్రతికినవారు ఎవరిని ద్వేషింతురను లెక్కయే వానికి కావలసినది.

ఇందు మా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పక తప్పదు. వార్తలు చదువువారికి ఒక వాక్యము బాగుగా అలవాటైనది: 'ఇది ఫలానా సంస్థ పని యని అనుమానింపబడుచున్నది.' ఈ కర్మణి ప్రయోగము తెలుగు నుడికారమునకు సహజము కాదు. పల్లెటూరి మనుష్యుడెవడును 'అన్నము తినబడినది' అనడు. ఆంగ్లమున వచ్చిన వార్తను గడియారము చూచుకొనుచు తెలిగించు తొందరలో ఈ వాక్యము మా బల్లలమీదకు చేరినది. అనుమానించుచున్న వారెవరు? పోలీసు అధికారియా? మంత్రియా? ఢిల్లీలోని విలేకరియా? ఆ వాక్యములో కర్త లేడు. కర్త లేని చోట వినువాడే కర్త యగును. అతడు పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొనుచు ఆ మాట విని, ఆ అనుమానమును తనదిగా చేసికొనును.

మరియొక అలవాటు కూడ కలదు. మతకలహముల వార్తలలో మతముల పేర్లు చెప్పక, 'ఒక వర్గము', 'మరియొక వర్గము' అనుచుందుము. మంచి ఉద్దేశముతో పుట్టిన నియమము; దానిని ఎత్తివేయుమని మేము కోరుట లేదు. కాని వీథి పేరు చెప్పిన తరువాత ఏ వర్గమో ఊహింపలేని శ్రోత తెలుగునాట ఉండునా?

2000 సంవత్సరములో మన కోస్తాజిల్లాలలోనే జరిగిన యుదంతము ఇందుకు తగిన సాక్ష్యము. మే నెలలో మచిలీపట్టణమున, జూన్ 8వ తేదీన ఒంగోలునందును తాడేపల్లిగూడెమునందును క్రైస్తవుల ప్రార్థనాస్థలములలో బాంబులు ప్రేలెను. అదే జూన్ 8న కర్ణాటకములోని వాడిలోను, గోవాలోని వాస్కోలోను చర్చిలయందు ప్రేలుళ్లు జరిగెను. ఒంగోలులో బాంబు ప్రేలినది జ్యూయెట్ స్మారక బాప్టిస్టు చర్చి. లైమన్ జ్యూయెట్ తెలుగుదేశమున అమెరికను బాప్టిస్టు మిషనుకు తొలినాటివారిలో ఒకరు. ఆయన తరువాత వచ్చిన క్లౌ దొర 1876-78 నాటి మహాక్షామమున బకింగుహాము కాలువ త్రవ్వకపు పని కంట్రాక్టుకు తీసికొని, ఆకలితో నున్న మాదిగపేటల జనమునకు కూలి కల్పించెను. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒంగోలులోని క్రైస్తవమునకు పునాది ఆ కరవులో పడినది. ఆ యూరివారికి చర్చియనగా నిన్నమొన్న వచ్చిన పరాయి కట్టడము కాదు, తాతముత్తాతల కడుపుకథ. అట్టి చోట బాంబు పెట్టినవాడు గురి చూచియే పెట్టెను.

అప్పటికి ఏడాదిన్నర క్రితము, 1999 జనవరిలో, ఒడిశాలోని మనోహర్‌పూర్ గ్రామమున గ్రహాం స్టెయిన్సు అను ఆస్ట్రేలియా మిషనరీని, ఆయన పసికుమారు లిరువురిని జీపులో నిద్రించుచుండగా సజీవముగా దహించిరి. దేశమంతట క్రైస్తవుల మనసులు కలతపడియుండెను. కావున చర్చిలో బాంబు ప్రేలినదనగానే పెక్కుమంది నోట ఒకే సమాధానము వెలువడెను: ఇది హిందూ సంస్థల పని. ఆ సంస్థలవారు అంత త్వరగానే మరియొక సమాధానము చెప్పిరి: ఇది పాకిస్థాను గూఢచారుల పని. ఇరుపక్షములవారి చేతిలోను అప్పటికి ఆధారము లేదు.

జులై 8న హుబ్లీలోను, 9న బెంగుళూరులోను మరి రెండు చర్చిలలో బాంబులు ప్రేలెను. ఆ 9వ తేదీ రాత్రియే బెంగుళూరు మాగడి రోడ్డున ఒక వ్యాను ఉన్నట్టుండి ప్రేలిపోయెను. లోపల తీసికొనిపోవుచున్న బాంబు దారిలోనే పగిలినది. ఇద్దరు మరణించిరి, ఒకడు గాయములతో బ్రతికెను. అచ్చట దొరికిన ఆనవాళ్లవలన గుట్టు బయటపడెను. వారు దీన్‌దార్ అంజుమన్ అను సంఘమునకు చెందినవారు. ఈ సంఘము పేరు అంతకుముందు విన్నవారు తక్కువ. 1924లో సిద్దిఖ్ దీన్‌దార్ చన్నబసవేశ్వర అను నతడు దీనిని స్థాపించెను. తానే లింగాయతులు ఎదురుచూచు చన్నబసవేశ్వరుని అవతారమని చెప్పుకొన్న విచిత్ర పురుషుడు. కేంద్రము హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్. సర్వమత సమ్మేళనము వారి బహిరంగ బోధ. చర్చిలలో బాంబులు పెట్టి ఆ నింద హిందువులమీదకు పోవునట్లు చేయుట, ఆ విధముగా రెండు మతములవారిని కొట్టుకొనునట్లు చేయుట వారి పన్నాగమని పోలీసులు అభియోగము మోపిరి. పాకిస్థానులో నున్న స్థాపకుని కుమారుడు దీనికి సూత్రధారి యనియు చెప్పిరి. 2001లో కేంద్ర ప్రభుత్వము ఆ సంఘమును నిషేధించెను. 2008 నవంబరులో బెంగుళూరు ప్రత్యేక న్యాయస్థానము 23 మందిని దోషులని నిర్ణయించెను.

మొదటి సమాధానము తప్పైనది. రెండవది ఒప్పునకు దగ్గరగా పోయినది. కాని ఒప్పైన ఊహయు ఆనాటికి ఊహయే; వ్యాను దారిలో ప్రేలకున్నచో ఆ రెండు ఊహలును నేటికిని సరిసమానముగా బ్రతికియుండెడివి. మరియు, ఆ సంఘమును నమ్మి ఆసిఫ్‌నగర్ ఉత్సవములకు వచ్చిపోవు సామాన్యులందరును ఈ కుట్ర నెరుగుదురని తలంచుట మూడవ తప్పు. ఆ తప్పును కూడ నాడు చాలమంది చేసిరి.

ఇక హైదరాబాదు. అచ్చటి చరిత్ర ఇంకను క్లిష్టము.

చార్మినారునకు ప్రక్కన నున్న మక్కామసీదుకు 1617లో సుల్తాను మహమ్మదు కుతుబ్‌షా శంకుస్థాపన చేసెను. కట్టడము పూర్తియగునప్పటికి కుతుబ్‌షాహీల రాజ్యమే లేకుండ పోయెను; 1694లో ముగింపు పలికినవాడు ఔరంగజేబు. మక్కానుండి తెప్పించిన మట్టితో చేసిన ఇటుకలు నడిమి కమానులో చేర్చిరని ప్రతీతి, ఆ పేరునకు కారణము. విశాలమైన ముంగిలి, నీటి తొట్టి, ఒక ప్రక్క నిజాముల వంశీయుల సమాధులు. పావురములకు గింజలు చల్లుటకు అన్ని మతముల పిల్లలును వచ్చు చోటు అది.

ఈ నగరమున ఉత్తర ఐర్లండులోవలె ముప్పదియేండ్ల అంతఃకలహము సాగలేదు. కాని పాతబస్తీ 1978 మొదలు మతకలహములకు, కర్ఫ్యూలకు అలవాటుపడినది. 1990 డిసెంబరు నాటి మారణకాండ అందులో మిక్కిలి ఘోరమైనది. ఆ తరువాత తీవ్రత తగ్గెను. తగ్గినదని నగరము ఊపిరి పీల్చుకొన్న దశలో 2007 వచ్చినది.

మే 18, శుక్రవారము. మధ్యాహ్నము ఒంటిగంట దాటినది. వేలమంది నమాజునకు చేరియుండిరి. ముంగిలిలో, కాళ్లుచేతులు కడుగుకొను వజూఖానా సమీపమున, రాతిపలక ప్రక్కన ఉంచిన గొట్టపు బాంబు ప్రేలెను. దానిని సెల్‌ఫోనుతో ముట్టించిరి. 9 మంది మరణించిరి. యాబదిమందికి పైగా గాయపడిరి. ప్రేలని బాంబు కూడ మసీదులో దొరికెను. రక్తసిక్తులైన వారిని మోసికొని బయటకు వచ్చిన జనము ఆగ్రహముతో పోలీసులమీద రాళ్లు రువ్వెను. పోలీసులు కాల్పులు జరిపిరి. అందు 5 గురు మరణించిరి. ఒకే మధ్యాహ్నమున, కొన్ని వందల గజముల లోపల, ఒక కుటుంబము తనవానిని బాంబునకు కోల్పోయెను. మరియొక కుటుంబము ప్రభుత్వపు తుపాకీకి కోల్పోయెను. ఈ రెండవ సంగతిని దేశమునందలి చాల పత్రికలు రెండవ పుటలోనికి నెట్టినవి. పాతబస్తీ మాత్రము రెండింటిని విడదీసి చూడలేదు.

నాటి అధికారుల దృష్టి సరిహద్దు దాటిన ఒక సంస్థమీదను, పాతబస్తీలోని ముస్లిము యువకులమీదను ప్రసరించినది. ప్రార్థన చేయువారిని ఆ మతమువారే చంపుదురా యని కొందరు అడిగిరి. అట్టివి ఇతర దేశములలో జరుగుచునే యున్నవని మరి కొందరు బదులు చెప్పిరి. రెండును తర్కములే గాని ఆధారములు కావు. కేసు కేంద్ర పరిశోధక సంస్థకు పోయినది. నగర పోలీసులు వేరుగా కుట్ర కేసులు పెట్టి పదులకొలది యువకులను పట్టుకొనిరి. తమ్ము హింసించిరని వారు మొరపెట్టిరి. రాష్ట్ర మైనారిటీల సంఘము నియమించిన న్యాయవాది ఒకరు చెరసాలకు పోయి వారిని చూచి, వారి మొరలో నిజమున్నదని నివేదిక వ్రాసెను. తరువాతి యేండ్లలో న్యాయస్థానములు వారిని నిర్దోషులని విడిచిపెట్టినవి.

మే నెల గాయము మానకముందే ఆగస్టు వచ్చినది. 25వ తేదీ శనివారము, రాత్రి ఎనిమిది గంటలు కావచ్చుచుండెను. హుస్సేన్‌సాగరు ఒడ్డున లుంబినీ పార్కులో, ఆరుబయట లేజరు ప్రదర్శన చూచుటకు వందలమంది బల్లలమీద కూర్చుండిరి. ఎదుట నీటి నడుమ బుద్ధవిగ్రహము. బాంబు ఆ బల్లల నడుమ ప్రేలెను. కొన్ని నిమిషములకే, కోఠీలోని గోకుల్ చాట్ దుకాణము ముందు మరియొకటి ప్రేలెను. కోఠీ యెరిగినవారికి ఆ శనివారపు సాయంకాలము ఎట్లుండునో చెప్పనక్కరలేదు. పుస్తకముల అంగళ్లు, బస్సుల రొద, ఆఫీసునుండి ఇంటికి పోవుచు ఒక్క నిమిషము ఆగి దోనెలో చాట్ తీసికొని నిలుచుండియే తినువారు. రెండు చోట్లను కలిసి 40 మందికి పైగా మరణించిరి. అందులో అధికులు కోఠీలోనే. లుంబినీ పార్కులో పోయినవారిలో మహారాష్ట్రమునుండి విజ్ఞానయాత్రకు వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు ఏడుగురు. దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన వద్ద ఉంచిన మూడవ బాంబును పోలీసులు కనిపెట్టి నిర్వీర్యము చేసిరి. ఆరేండ్లకు అదే దిల్‌సుఖ్‌నగర్‌లో, 2013 ఫిబ్రవరి 21న, సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు ప్రేలి 18 మందిని బలిగొన్నవి.

ఆ శనివారము రాత్రి నగరమెల్ల భయముతో ఎదురుచూచినది రెండవ ఘట్టమును. మే నెలలో మసీదు. ఆగస్టులో పార్కు, చాట్ దుకాణము. దీనికి అది బదులా? దీనికి బదులు ఏమి రానున్నది? 1990ని కంటితో చూచినవారు తలుపులు వేసికొనిరి. కాని తెల్లవారినది, ఆదివారము గడచినది, కలహము రాలేదు. చరిత్ర గ్రంథములు జరిగిన కలహములను వ్రాయును గాని జరుగని కలహములను వ్రాయవు. మా దృష్టిలో ఆ సంవత్సరపు హైదరాబాదు చరిత్రలో మొదట వ్రాయవలసినది ఆ జరుగని కలహమే. దానికి కారణము పోలీసు పహరా యనువారు కలరు. నగరము అలసిపోయినదనువారు కలరు. ఒకరు బాంబునకు, మరియొకరు దాని యుద్దేశమునకు నడుమ నిలిచి ఆలోచించుకొన్నారనుట కూడ అసంభవము కాదు.

ఇట్టి తొందర అనుమానములు మనకే కలిగినవని తలంపవలదు. 1974 నవంబరు 21న ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున రెండు మద్యశాలలలో బాంబులు ప్రేలి 21 మంది మరణించిరి. ఉత్తర ఐర్లండు కలహము అప్పుడు మిక్కిలి తీవ్రముగా నుండెను. ఒకవైపు కాథలిక్కులు, మరొకవైపు ప్రొటెస్టెంటులు. ఒకవైపు ఐర్లండుతో కలియగోరువారు, మరొకవైపు బ్రిటనుతో నిలువగోరువారు. ప్రేలుడు జరిగిన రాత్రియే, ఒకరి అంత్యక్రియలకై బెల్‌ఫాస్టుకు పోవు ఓడనెక్కబోవుచున్న ఐరిషువారిని పోలీసులు పట్టుకొనిరి. వారి చేతులకు ప్రేలుడు పదార్థము అంటినదని రసాయన పరీక్ష చేసినవారు చెప్పిరి. కొన్ని పేకముక్కల పూతయు ఆ పరీక్షలో అదే రంగు చూపుననియు, వారు రైలులో పేకాడుచు వచ్చిరనియు పిమ్మట తేలెను. ఆరుగురికి 1975లో యావజ్జీవ శిక్ష పడెను. 1991 మార్చి 14న, పదునారేండ్లు దాటిన తరువాత, పైకోర్టు వారిని విడిచిపెట్టెను. అసలు దోషులకు శిక్ష పడనేలేదు. ఆ సంవత్సరమే, 1974 మే 17న, డబ్లినులోను మోనహనులోను 30 మందికి పైగా చంపిన బాంబుల విషయమున ఒక్కడైనను శిక్ష పొందలేదు. న్యాయశాస్త్రమునకు పుట్టినిల్లని చెప్పుకొను దేశమునకు చేరువలోనే ఇది జరిగినది. అచ్చటను మొదట తప్పినది న్యాయమూర్తి కాదు. 'వీరు కాక మరెవ్వరు?' అను వీథిలోని మాట. ఆ మాట న్యాయస్థానమువరకు నడిచిపోయినది.

మరల హైదరాబాదునకు వత్తము. 2010లో మక్కామసీదు కేసు పూర్తిగా మలుపు తిరిగినది. కేంద్ర పరిశోధక సంస్థవారు హిందూ సంస్థలతో సంబంధమున్న కొందరిని నిర్బంధించిరి. నవంబరులో పట్టుబడినవాడు అసీమానంద అను సన్న్యాసి. డిసెంబరులో ఢిల్లీలో మేజిస్ట్రేటు ఎదుట అతడు ఇచ్చిన వాంగ్మూలము దేశమున సంచలనము కలిగించెను. చంచలగూడ చెరసాలలో, అదే కేసులో మునుపు నిర్బంధమనుభవించిన ముస్లిము యువకుడు తనకు నీళ్లు, అన్నము తెచ్చి సేవచేసెననియు, ఆ మంచితనము తన మనసును కలచివేసెననియు అందున్నది. నాటకకర్త యెవడైన వ్రాసినచో అతిగా నున్నదని మేమే త్రిప్పిపంపెడివారము. కొంతకాలమునకు ఆ వాంగ్మూలము ఒత్తిడివలన ఇచ్చినదని అతడు వెనుకకు తీసికొనెను. ఆ కథలో ఎంత నిజమో పాఠకులు తమ తమ పక్షములనుబట్టి అప్పుడే నిర్ణయించుకొనిరి. అదియే మేము చెప్పుచున్న రోగము.

2012లో రాష్ట్ర ప్రభుత్వము, నిర్దోషులని తేలిన 20 మందికి తలకు 3 లక్షల రూపాయలును, పట్టుకొని విడిచిపెట్టిన 50 మందికి తలకు 20 వేలును పరిహారముగా ఇచ్చెను. దానిని 2013లో హైకోర్టు కొట్టివేసెను. ఒక యువకుని వయసులో పోయిన ఏడాదిన్నరకు 3 లక్షలు ఎక్కువయో తక్కువయో మేము లెక్కకట్టజాలము. కాని ప్రభుత్వము పొరపాటు జరిగినదని వ్రాతపూర్వకముగా ఒప్పుకొనిన సందర్భములు మన దేశమున మిక్కిలి తక్కువ. అందులో ఇది యొకటి, అదియు నిలువలేదు.

2018 సంవత్సరమున ఐదునెలల వ్యవధిలో హైదరాబాదున రెండు తీర్పులు వచ్చినవి. ఏప్రిల్ 16న, జాతీయ దర్యాప్తు సంస్థ ప్రత్యేక న్యాయస్థానము మక్కామసీదు కేసులో అసీమానందతో సహా విచారణ నెదుర్కొన్న 5 గురిని, నేరము రుజువు కాలేదని విడుదల చేసెను. 226 మంది సాక్షులను విచారించిరి. అందు అరువదిమందికి పైగా ముందు చెప్పిన మాటను తప్పిరి. తీర్పు చెప్పిన న్యాయమూర్తి అదే దినమున రాజీనామా పత్రము పంపుట మరియొక చర్చకు దారితీసెను. సెప్టెంబరులో, లుంబినీ పార్కు, గోకుల్ చాట్ కేసులలో ఇద్దరిని దోషులని నిర్ణయించి 10వ తేదీన మరణశిక్ష విధించిరి. ఆశ్రయమిచ్చిన మూడవవానికి యావజ్జీవము. మరి ఇద్దరు నిర్దోషులై విడుదలైరి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో 2016 డిసెంబరులో 5 గురికి విధించిన మరణశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న స్థిరపరచెను.

ఈ తీర్పులను గూర్చి మాటలాడువారిని మేము శ్రద్ధగా వినుచుందుము. వినుట మా వృత్తిలో సగము. ఒక పక్షమువారు ఏప్రిలు తీర్పును మాత్రమే తలంతురు: చూచితిరా, మావారిని అన్యాయముగా ఇరికించిరి. మరియొక పక్షమువారు అంతకు పదేండ్లముందు పాతబస్తీ యువకులను విడిచిపెట్టిన తీర్పులను మాత్రమే తలంతురు: చూచితిరా, మావారిని అన్యాయముగా ఇరికించిరి. వాక్యము ఒక్కటే. ఆ రెండింటిని ఒకే నోట పలికిన మనుష్యుడు మాకు మిక్కిలి అరుదుగా తటస్థపడినాడు. ఒకే నగరమున, ఒకే కేసులో, మొదట ఒక మతమువారిని, తరువాత మరియొక మతమువారిని పట్టుకొనిరి. కడకు రుజువు చేయలేక అందరిని విడిచిపెట్టిరి. ఇరువురకును కలిసి అడుగదగిన ప్రశ్న యొకటి మిగిలియుండెను: అట్లయిన ఆ తొమ్మండుగురిని చంపినదెవరు? ఆ ప్రశ్న అడుగువారు కానరారు. ఎవరి నిర్దోషిత్వమును వారు గెలుచుకొని ఇంటికి పోయిరి.

1794లో పద్మనాభమున పోరాడినవారి వంశీయులతో నేడు ఎవరికిని పగ లేదు. విజయరామరాజు కుమారుడు నారాయణబాబుతో కంపెనీవారే తరువాత సంధి చేసికొని జమీను తిరిగి ఇచ్చిరి. తగవు తెలిసినది గనుక తీరినది. తెలియని తగవు ఎట్లు తీరును?

గోకుల్ చాట్ దుకాణము మరల తెరచిరి. కోఠీలో సాయంకాలము జనము అచ్చట నిలుచుండి తినుచునే యున్నారు. మక్కామసీదు ముంగిలిలో పావురములు కలవు. శుక్రవారము నమాజునకు వచ్చువారిని ద్వారమువద్ద తనిఖీ చేసి లోపలికి పంపుచున్నారు. 2007 మే 18న బాంబువలన మరణించిన ఆ 9 మంది విషయమున నేటివరకును ఏ న్యాయస్థానమును ఒక్కనినైనను దోషియని నిర్ణయింపలేదు.